కోర్టులో జడ్జి.. యూనివర్సిటీలో పులి! రామన్, బోస్, సాహాలను మాస్టార్లను చేసిన అశుతోష్ ముఖర్జీ కథ ఇది

సీవీ రామన్‌కు నోబెల్ వచ్చిందని అందరికీ తెలుసు. కానీ ఆయన మొదట్లో కలకత్తాలోని సర్కారు ఆఫీసులో జమాఖర్చులు చూసుకునే అధికారి. ఆ కుర్చీలోంచి లేపి ఆయన్ను యూనివర్సిటీకి తీసుకొచ్చింది ఓ హైకోర్టు జడ్జి. ఆయనే సర్ అశుతోష్ ముఖర్జీ. బెంగాలీలు ఆయన్ను 'బెంగాల్ పులి' అని పిలుచుకుంటారు.

1864 జూన్ 29న కలకత్తాలో పుట్టారు అశుతోష్. తండ్రి డాక్టర్. కొడుక్కి మాత్రం లెక్కలంటే ప్రాణం. చదువుకునే రోజుల్లోనే గణితంలో పరిశోధన పత్రాలు రాశారు. 1885లో గణితంలో ఎంఏ, మరుసటి ఏడాదే ఫిజిక్స్‌లో ఇంకో ఎంఏ. పాఠాలు చెప్పాలన్నది ఆయన కోరిక. విద్యాశాఖ ఉద్యోగం ఇస్తామంది కానీ తెల్ల ప్రొఫెసర్లతో సమానమైన హోదా, జీతం కుదరవంది. అయితే మీ ఉద్యోగం నాకొద్దన్నారు అశుతోష్. నల్లకోటు వేసుకుని, 1904లో హైకోర్టు జడ్జి అయ్యారు.

1906లో కలకత్తా యూనివర్సిటీ వైస్ చాన్సలర్ పదవి వచ్చింది. కోర్టు పని చూసుకుంటూనే ఇది కూడా. అప్పటి యూనివర్సిటీ అంటే మనం ఇప్పుడు అనుకునేది కాదు. పరీక్షలు పెట్టడం, పట్టాలివ్వడం.. ప్రధానంగా అదే పని. పాఠాలు చెప్పేది కాలేజీలు. యూనివర్సిటీలే సొంతంగా బోధించవచ్చని 1904 చట్టం చెప్పింది. అశుతోష్ దాన్నే గట్టిగా పట్టుకున్నారు.

మరి డబ్బు? సర్కారు ఖజానా తెరుచుకోలేదు. తోడొచ్చింది ఇద్దరు లాయర్లు. 1912లో తారక్‌నాథ్ పాలిత్ తన స్థలం, డబ్బు కలిపి దాదాపు 15 లక్షల ఆస్తి రాసిచ్చేశారు. ఆ మరుసటి ఏడాది రాస్‌బిహారీ ఘోష్ 10 లక్షలు ఇచ్చారు. పాలిత్ ఒక షరతు పెట్టారు.. ఆ డబ్బుతో పెట్టే ప్రొఫెసర్ పోస్టుల్లో భారతీయులే ఉండాలి. అశుతోష్‌కు పాత అవమానం గుర్తుండే ఉంటుంది! 1914 మార్చి 27న, పదవీకాలం ఇంకో నాలుగు రోజుల్లో ముగుస్తుందనగా, సైన్స్ కాలేజీకి పునాదిరాయి వేయించారు.

బిల్డింగ్ లేస్తుంది సరే, లోపల పాఠం ఎవరు చెప్పాలి? అసలు చిక్కంతా ఇక్కడే. కెమిస్ట్రీకి ప్రఫుల్ల చంద్ర రాయ్ ఉన్నారు. ఫిజిక్స్‌కు రామన్‌ను అడిగారు. జీతం దాదాపు సగానికి పడిపోతుందని తెలిసీ రామన్ ఒప్పుకున్నారు. విదేశాల్లో చదివి రావాలన్న నిబంధన మాత్రం అడ్డొచ్చింది. నేను వెళ్లను అన్నారు రామన్. అశుతోష్ ఆ నిబంధననే పక్కన పెట్టించారు. 1917లో రామన్ చేరారు.

అంతకంటే పెద్ద సాహసం అంతకు ముందు ఏడాదే జరిగింది. 1916లో సత్యేంద్రనాథ్ బోస్, మేఘనాథ్ సాహాలకు లెక్చరర్ ఉద్యోగాలిచ్చారు. ఇద్దరికీ 22 ఏళ్లు. ఇద్దరూ ఎమ్మెస్సీ చేసింది గణితంలో. చెప్పాల్సింది కొత్త ఫిజిక్స్. సాహాకు క్వాంటం సిద్ధాంతం, బోస్‌కు సాపేక్షత. అవి వాళ్లకు నేర్పిన మాస్టారు ఎవరూ లేరు. యుద్ధం వల్ల యూరప్ పుస్తకాలు రావడం లేదు. శిబ్‌పూర్ ఇంజినీరింగ్ కాలేజీలో ఉన్న బ్రూల్ అనే ప్రొఫెసర్ దగ్గర జర్మన్ పుస్తకాలు అరువు తెచ్చుకున్నారు. జర్మన్‌లో చదివి అర్థం చేసుకుని, క్లాసులో చెప్పారు. 1920లో ఐన్‌స్టీన్ వ్యాసాలను ఇంగ్లిష్‌లోకి తెచ్చి యూనివర్సిటీ నుంచే అచ్చు వేయించారు. పాఠం కోసం చదివిన చదువే వాళ్లను శాస్త్రవేత్తలను చేసింది.

టెక్నాలజీ కూడా వదల్లేదు. 1919లో ఘోష్ మళ్లీ 11 లక్షలకు పైగా ఇవ్వడంతో అప్లైడ్ కెమిస్ట్రీకి దారి పడింది. అదే ఏడాది అశుతోష్ సభ్యుడిగా ఉన్న శాడ్లర్ కమిషన్ రిపోర్టు ఇచ్చింది. శిక్షణ పొందిన టీచర్ల సంఖ్య బాగా పెంచాలి, కలకత్తా, ఢాకా యూనివర్సిటీల్లో ఎడ్యుకేషన్ విభాగాలు పెట్టాలి అని గట్టిగా చెప్పింది.

అన్నీ మెచ్చుకోలుగానే సాగలేదు. పాస్ శాతం పెంచేశారని, అంతా ఒంటిచేత్తో నడిపారని విమర్శలు వచ్చాయి. చేతిలో ఉన్న డబ్బుకు మించి విభాగాలు తెరిచారన్నదీ కాదనలేం. 1922 నాటికి జీతాలకే కటకట. రెండున్నర లక్షలు ఇస్తాం, మా షరతులకు ఒప్పుకోండి అంది బెంగాల్ సర్కారు. అశుతోష్ ఆ సొమ్ము ముట్టలేదు. మరుసటి ఏడాది గవర్నర్ లిట్టన్ వైస్ చాన్సలర్ పదవిని కూడా షరతులతోనే ఇవ్వబోతే, ఘాటుగా ఉత్తరం రాసి వదిలేశారు.

1924 మే 25న, ఓ కేసు పని మీద వెళ్లి పాట్నాలో కన్నుమూశారు. అప్పటికి బోస్ ఢాకాలో పాఠాలు చెబుతున్నారు. ప్లాంక్ సూత్రాన్ని పిల్లలకు వివరించబోతే పాత పద్ధతి ఆయనకే నచ్చలేదు. కొత్తగా రాసి, పది రోజుల తర్వాత, జూన్ 4న ఐన్‌స్టీన్‌కు పంపారు. బోస్-ఐన్‌స్టీన్ గణాంకాలు పుట్టింది అక్కడే.

ఇందులో మన తెలుగువాళ్ల ముక్క కూడా ఉంది. 1921లో అశుతోష్ ఏరికోరి మైసూరు నుంచి కలకత్తాకు పిలిపించుకున్న ఫిలాసఫీ మాస్టారు సర్వేపల్లి రాధాకృష్ణన్, 1931లో వాల్తేరులో ఆంధ్రా యూనివర్సిటీ వైస్ చాన్సలర్ అయ్యారు. ఆ మరుసటి ఏడాదే అక్కడ ఫిజిక్స్ చెప్పడానికి ఓ కుర్రాడు వచ్చి చేరాడు. కృష్ణా జిల్లా ఆగిరిపల్లిలో పుట్టి, కలకత్తా వెళ్లి రామన్ దగ్గర పని నేర్చుకుని వచ్చిన ఆ కుర్రాడి పేరు సూరి భగవంతం.