తండ్రి వెనుక రెండో స్థానం

పేరున్న ఇంట పుట్టిన పిల్లల బరువు మనకు తెలియనిది కాదు. అటువంటి ఒక కుమారుని గూర్చి ఈ వారం తలచుకుంటున్నాము. ఆయన పేరు డేవీ అలిసన్.

మామూలు కార్లను పోలిన బండ్లతో, గంటకు 200 మైళ్ల వేగం వరకు సాగే పోటీలను అమెరికాలో స్టాక్ కార్ రేసులు అంటారు. ఆ రంగంలో తండ్రి బాబీ, బాబాయి డోనీ ఇద్దరూ పేరు మోసినవారే. 1961లో పుట్టిన డేవీ అలబామాలోని హ్యూటౌన్‌లో పెరిగారు. తండ్రి షెడ్డులో పని నేర్చుకొని, 1979లో బర్మింగ్‌హామ్ ట్రాక్‌పై పోటీలు మొదలుపెట్టారు.

1987 మే నెలలో టాలడేగాలో తండ్రి కారు గాలిలోకి లేచి కంచెను ఢీకొనడం డేవీ తన అద్దంలో చూశారు. తండ్రి బ్రతికారు. కుమారుడు అదే రోజు పెద్ద పోటీలలో తన తొలి విజయం పొందారు. మరుసటి ఫిబ్రవరిలో డేటోనా 500 పోటీలో 50 ఏళ్ల తండ్రి మొదట, డేవీ ఆయన వెనుకే రెండవవారిగా వచ్చారు. ఆ ఇంటికి అంతకు మించిన పండుగ ఏముంటుంది? కాని నాలుగు నెలలకే పోకనోలో జరిగిన ప్రమాదం బాబీని చావు అంచుకు తీసుకుపోయింది. ప్రాణం దక్కింది గాని, కుమారునితో కలిసి గెలిచిన ఆ రోజు ఆయన జ్ఞాపకంలో నుండి చెరిగిపోయింది.

1992లో డేవీ తానే డేటోనా 500 గెలిచారు. ఆగస్టులో తమ్ముడు క్లిఫర్డ్ మిషిగన్‌లో సాధన చేస్తూ మరణించాడు. ఆ ఆదివారమే డేవీ అదే ట్రాక్‌పై పోటీ చేసి ఐదవ స్థానంలో వచ్చారు. నవంబరులో పాయింట్లలో అందరికన్నా ముందుండి చివరి పోటీకి వెళ్లారు. అక్కడ మరో కారు అడ్డుపడగా ఢీకొని, చాంపియన్ పట్టం పోగొట్టుకున్నారు.

1993 జూలై 12న టాలడేగాలో ఆయన నడుపుతున్న హెలికాప్టర్ దిగుతూ కూలింది. మరునాడు కన్నుమూశారు. వయస్సు 32 ఏళ్లు, విజయాలు 19.

ఏడాది తిరగకుండానే ఇద్దరు కుమారులను పోగొట్టుకున్న బాబీ, జూడీ దంపతులు ఆ దుఃఖభారంలో విడిపోయారు. 2000 సంవత్సరంలో తిరిగి వివాహం చేసుకొన్నారు. జూడీ మరణం వరకు కలిసే ఉన్నారు.

బిడ్డను పోగొట్టుకున్న తలిదండ్రులు ఒకే ఇంట ఉండి కూడా వేర్వేరుగా ఏడుస్తారు. మన సంఘాలలోనూ అటువంటి ఇళ్లు ఉన్నవి. ఆదరణ కూటంతో మన పని ముగిసిందనుకోక, ఆరు నెలల తరువాత కూడా ఆ గుమ్మం ఎక్కుదాము. భార్యను, భర్తను ఇద్దరినీ పలకరిద్దాము. వెళ్లిపోయిన బిడ్డ పేరును పలకడానికి వెనుకాడవద్దని మా మనవి.