కండ బలం లెక్క తేల్చిన మన సుబ్బారావు గారు

సోదరులారా, మనమంతా తెల్లవారుజామున పీటీకి పరుగెత్తినవాళ్ళమే. విజిల్ పడగానే ఒక్క ఉదుటున దూకామే, ఆ శక్తి కాళ్ళకు ఎక్కడిది? ఆ లెక్క తేల్చినవాళ్ళలో ఒకరు మన తెలుగువాడు, డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు గారు.

ఆయన 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. చదువుకునే వయసులోనే తండ్రి పోయారు. మెట్రిక్ మూడోసారికి గాని పాసవలేదు. మద్రాసు మెడికల్ కాలేజీలో ఖద్దరు గౌను వేసుకున్నందుకు తెల్ల ప్రొఫెసరుకు కోపం వచ్చింది. దాంతో ఎంబీబీఎస్ దక్కలేదు, చిన్న పట్టాతోనే బయటికొచ్చారు. స్ప్రూ జబ్బు ఇద్దరు అన్నదమ్ముల్ని మింగింది. 1923లో భార్య శేషగిరి గారిని ఇంటి దగ్గర విడిచి అమెరికా వెళ్ళారు. ఆసుపత్రిలో చిన్నా చితకా పనులు చేసుకుంటూ హార్వర్డులో చదివారు.

అక్కడ ఫిస్క్ గారితో కలిసి 1925లో రక్తంలో, మూత్రంలో భాస్వరం కొలిచే పద్ధతి కనిపెట్టారు. 1927లో కండలో ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో ఏటీపీని గుర్తించారు. అదే ఏడాది జర్మనీలో లోమన్ కూడా ఏటీపీని కనుగొన్నారు.

మన భాషలో చెప్పాలంటే ఏటీపీ మేగజైన్‌లోని గుండు. ఫాస్ఫోక్రియాటిన్ నడుముకున్న పౌచ్, కొద్ది సెకన్లలో ఖాళీ అవుతుంది. చక్కెర, కొవ్వు వెనక డిపోలోని సరుకు. గుండ్లు తగ్గాయని కణానికి తెలిసేదెలా? ఏటీపీ ఖర్చయ్యేకొద్దీ ఏఎంపీ పెరుగుతుంది. అది చూసి ఏఎంపీకే అనే ఎంజైము మేల్కొంటుంది. రక్తంలోని చక్కెరను కండలోకి రానిస్తుంది, కొవ్వును కాల్పిస్తుంది, కొత్త కొవ్వు తయారీ ఆపిస్తుంది. ఈ సంగతి ఆయన పోయిన ఎన్నో ఏళ్ళకు వేరేవాళ్ళు తేల్చారు. కానీ పునాది రాళ్ళలో ఆయన వేసినవి ఉన్నాయి. షుగరుకు వాడే మెట్‌ఫార్మిన్ పనిచేసే దారుల్లో కూడా ఈ ఎంజైమును లేపడం ఒకటి.

ఇంత చేసినా హార్వర్డులో ఆయనకు పర్మనెంట్ ఉద్యోగం ఇవ్వలేదు. 1940లో లెడర్లీ కంపెనీకి వెళ్ళి పరిశోధన నడిపించారు. ఫోలిక్ యాసిడ్ తయారీ, బోదకాలుకు హెట్రజాన్ మందు అక్కడివే. మన ఛత్తీస్‌గఢ్‌లో బోదకాలు రాకుండా ఊరూరా మింగించే డీఈసీ మాత్ర ఆ హెట్రజానే. మింగేవాళ్ళలో ఎంతమందికి ఆయన పేరు తెలుసు?

1948 ఆగస్టులో, 53వ ఏట, న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్‌లో నిద్రలోనే కన్నుమూశారు. మళ్ళీ ఇల్లు చూడలేదు. స్వతంత్ర భారతంలో కాలు పెట్టలేదు. పోస్టింగులో ఏళ్ళు గడిపిన మనకు, ఎదురుచూసిన మన ఇంటివాళ్ళకు శేషగిరి గారి బాధ వేరే చెప్పనక్కర్లేదు.

చివరగా నా మాట. పెన్షన్ వచ్చాక నేను పరుగు మానేశాను. రెండో ఏడాదికే షుగరు పట్టుకుంది. ఇప్పుడు రోజూ పొద్దున్నే తెలీబాంధా చెరువు చుట్టూ నడుస్తున్నాను. మందు డాక్టరు రాసిస్తారు, కాళ్ళు కదపడం మాత్రం మన డ్యూటీ. అడుగు పడినప్పుడల్లా నాకు ఆ భీమవరం మనిషి గుర్తొస్తారు.

జై హింద్.