ఇమ్రోజ్ అంటే ఈరోజు

ఆగస్టు 15 రాగానే మనందరి స్టేటస్‌లో జెండా ఉంటుంది. 1947లో అదే రోజు మన నాచారంలోనో ఉప్పల్‌లోనో ఆ జెండా ఎగరేస్తే జైలుకే. ఎందుకంటే ఇదంతా అప్పుడు నిజాం రాజ్యం. ఢిల్లీలో వచ్చిన స్వాతంత్ర్యం మన చౌరస్తా దాకా రావడానికి ఇంకో పదమూడు నెలలు పట్టింది.

తమాషా ఏంటంటే, స్వాతంత్ర్యం అనే మాటని నిజాం కూడా గట్టిగానే వాడాడు. బ్రిటిష్‌వాళ్లు వెళ్లిపోగానే తన రాజ్యం సర్వస్వతంత్రమవుతుందని 1947 జూన్‌లోనే ఫర్మానా ఇచ్చాడు. రజాకార్లు అరిచిందీ ఆజాద్ హైదరాబాద్ అనే. ఊళ్లల్ల వెట్టి చేసేవాడు అడిగిందీ ఆజాదీనే. మాట ఒకటే. రాజు మీద ఇంకెవరూ ఉండొద్దనేది ఒక అర్థం, జనం మీద రాజే ఉండొద్దనేది ఇంకో అర్థం. ఈ రెండూ కలిపేసి జనాన్ని మభ్యపెడుతున్న రోజుల్లో, వాటిని విడదీసి అచ్చులో చూపించినవాడు షోయబుల్లా ఖాన్.

ఆయన 1920 అక్టోబరులో అప్పటి వరంగల్ జిల్లాలోని సుబ్రవేడులో పుట్టాడు. నాన్న హబీబుల్లా ఖాన్ రైల్వే పోలీసు. షోయబ్ ఉస్మానియాలో డిగ్రీ చేశాడు. మనం తార్నాక మీదుగా పోతూ కిటికీలోంచి చూసే క్యాంపస్సే. అప్పుడు అక్కడ పాఠాలు ఉర్దూలో చెప్పేవారు. ఉస్మానియా పట్టా, మంచి ఉర్దూ, పైగా ముస్లిం. ఆ రోజుల్లో సర్కారు కొలువుకి ఇంతకన్నా ఏం కావాలి? మన భాషలో చెప్పాలంటే క్యాంపస్ ప్లేస్‌మెంట్ చేతిలో ఉన్నట్టే. ఆయన మాత్రం జీతం సరిగ్గా వస్తుందో రాదో తెలియని పత్రికల్లోకి వెళ్లాడు.

ముందు తేజ్ అనే వారపత్రికలో చేరాడు. సర్కారు దాన్ని ఆపేసింది. తర్వాత మందుముల నరసింగరావు నడిపిన రయ్యత్‌కి వెళ్లాడు. రయ్యత్ అంటే రైతు, ప్రజ అని రెండర్థాలూ ఉన్నాయి. దాన్నీ మూసేశారు. రెండు పత్రికలు మూతపడ్డాక ఎవరైనా ఇక చాల్లే అనుకుంటారు. ఈయన సొంతంగా ఇంకోటి పెట్టాడు. బూర్గుల రామకృష్ణారావు లాంటివాళ్లు సాయం చేశారు. 1947 నవంబరు 15న మొదటి సంచిక వచ్చింది. పేరు ఇమ్రోజ్. ఈరోజు అని అర్థం. రెండు సార్లు మూతపడి వచ్చినవాడు పత్రికకి ఈరోజు అని పేరు పెట్టాడంటే, రేపు ఉంటుందో లేదో ఆయనకి బాగానే తెలుసని నాకు అనిపిస్తుంది.

ఇక్కడ టామ్ పెయిన్ గురించి ఒక మాట. 1776లో ఆయన రాసిన కామన్ సెన్స్ అనే చిన్న పుస్తకం అమెరికాలో వలస జనానికి రాజు అవసరమే లేదని చెప్పింది. విప్లవ రచయిత అనగానే ప్రపంచం ఆయన పేరే చెప్తుంది. తప్పేం లేదు. కానీ ఆ పుస్తకం మొదట పేరు లేకుండా అచ్చయింది, ఆ రాజు సముద్రానికి అవతల ఉన్నాడు. షోయబ్ తన పేరుతోనే, రాజు ఉండే ఊళ్లోనే, రాజు చదివే భాషలోనే రాశాడు.

ఆ భాషే అసలు విషయం. తెలుగు పత్రిక ఎంత తిట్టినా పాలకులు దాన్ని పక్కకి నెట్టేయగలరు, ఇది ఆంధ్రోద్యమంవాళ్ల గోల అనేయగలరు. ఉర్దూ పత్రికలో ఒక ముస్లిం ఎడిటర్ అదే అంటే ఏమని కొట్టిపారేస్తారు? రాజ్యం తమ మతానిదని, దాన్ని కాపాడుకోవాలని రజ్వీ ఎవరికి నూరిపోస్తున్నాడో, సరిగ్గా వాళ్ల ఇళ్లల్లోకే ఇమ్రోజ్ వెళ్లేది. 1948 జనవరిలో ఒక వ్యాసంలో షోయబ్ ఈ రాజ్యంలో పగలొక ప్రభుత్వం, రాత్రొక ప్రభుత్వం నడుస్తున్నాయని రాశాడు. పగటిది నిజాంది, రాత్రిది రజాకార్లది. లాయక్ అలీ మంత్రివర్గం ఎంత కప్పిపుచ్చినా, ఊళ్లల్లో బతికేవాళ్లకి ఇది కొత్త సంగతేం కాదు. కానీ అచ్చులో చూస్తే ధైర్యం వేరేగా వస్తుంది.

1948 ఆగస్టులో ఏడుగురు ముస్లిం ప్రముఖులు కలిసి ఒక ప్రకటన చేశారు. రజాకార్ల దళాన్ని రద్దు చేయాలి, హైదరాబాద్ భారత యూనియన్‌లో కలవాలి అని. ఇమ్రోజ్ దాన్ని అచ్చేసింది. ఆగస్టు 19న జమ్రూద్ మహల్ సభలో కాశిం రజ్వీ, తమకి ఎదురు లేచే చేతుల్ని నరకాలని బహిరంగంగానే చెప్పాడు.

రెండు రోజులు గడిచాయి. 21 రాత్రి పత్రిక పని ముగించుకుని, బావమరిది ఇస్మాయిల్ ఖాన్‌తో కలిసి షోయబ్ ఇంటికి బయల్దేరాడు. కాచిగూడలో, చప్పల్ బజార్ దగ్గర కాపు కాసి కాల్చారు. పడిపోయాక చేతులు నరికారు. అడ్డం వచ్చిన ఇస్మాయిల్ చేయి కూడా తెగింది, ఆయన బతికాడు. 22 తెల్లవారుజామున షోయబ్ పోయాడు. ఇరవై ఎనిమిదేళ్లు ఇంకా నిండలేదు. మన ఫైనలియర్ వాళ్లకన్నా ఆరేళ్లు పెద్ద, అంతే. చంపడానికి తూటా సరిపోతుంది కదా, చేతులెందుకు? చంపినవాళ్లకి ఆ రాతలు ఎంత గుచ్చుకున్నాయో అందులోనే తెలిసిపోతుంది.

సెప్టెంబరు 17న నిజాం లొంగిపోయాడు. షోయబ్ పోయి అప్పటికి ఇరవై ఆరు రోజులు. సైన్యం వచ్చింది కాబట్టి రాజ్యం కలిసింది, రాతల వల్ల కాదు అని మా హాస్టల్‌లో ఒకడు వాదించాడు. నిజమే, ట్యాంకుల్ని సంపాదకీయాలు నడపవు. కానీ ఆ పదమూడు నెలలు ఇది హిందూ ముస్లిం తగాదా అని రజ్వీ చెప్పిన కథ పూర్తిగా నిలబడకుండా చేసిందెవరు? ఆ ఏడుగురు, షోయబ్, ఇస్మాయిల్ లాంటి వాళ్లే. వాళ్లు లేకపోతే ఆ తర్వాత మనం చెప్పుకునే చరిత్ర ఇంకా ఘోరంగా ఉండేది.

రజ్వీ జైల్లో ఉండి, 1957లో విడుదలై పాకిస్తాన్ వెళ్లిపోయాడు. బూర్గుల 1952లో హైదరాబాద్ రాష్ట్రానికి ముఖ్యమంత్రి అయ్యారు. షోయబ్ పేరు మాత్రం సెప్టెంబరు 17 చుట్టుపక్కల పేపర్లలో ఒక కాలమ్‌గా వచ్చి పోతుంటుంది. మన క్లబ్‌లో ఉర్దూ మాట్లాడేవాళ్లు బోలెడుమంది, లిపి చదవగలిగేవాళ్లు ఇద్దరో ముగ్గురో. ఆ ఇద్దరు ముగ్గురూ కొంచెం టైమ్ ఇస్తే, ఆయన రాతల్ని తెలుగులోకి తెచ్చే పని వచ్చే సెమిస్టర్ మొదలుపెడదాం. టైపింగ్ నాది.