అమ్మకు పాట కట్టిన కొడుకు – టుపాక్ షకూర్

మన హాస్టల్ వార్షికోత్సవ సంచికలో ఏటా మహనీయుల జీవితాలు రాసుకుంటాం. అంబేద్కర్, ఫూలే, సావిత్రీబాయి, జాషువాల గురించి మన సీనియర్లు చాలాసార్లు రాశారు. ఈసారి మహనీయుడని అందరూ ఒప్పుకోని ఒక మనిషి గురించి రాస్తున్నాం. అతను అమెరికాకు చెందిన నల్లజాతి పాటగాడు టుపాక్ షకూర్. బతికింది 25 ఏళ్లే. కానీ 1990లలో పన్నెండు, పద్నాలుగేళ్ల వయసులో ఉన్న లక్షలాది పిల్లలకు అతని క్యాసెట్లు చిన్ననాటి డైరీల్లాంటివి.

ముందు హిప్‌హాప్ గురించి రెండు మాటలు. 1973లో న్యూయార్క్ నగరంలోని బ్రాంక్స్ అనే ప్రాంతంలో ఇది పుట్టింది. అక్కడి పేద కుటుంబాల యువకులు రెండు రికార్డు ప్లేయర్లు పక్కపక్కన పెట్టి, పాటలో దరువు మాత్రమే వినిపించే ముక్కను మళ్లీ మళ్లీ తిప్పేవారు. ఆ దరువు మీద ప్రాస కలుపుతూ మాటలు చెప్పేవారు. అదే ర్యాప్. డప్పు దరువుకు పాట కట్టుకునే వాడల నుంచి వచ్చిన మనకు ఈ సంగతి అర్థం చేసుకోవడం కష్టం కాదు.

తల్లి కథ

టుపాక్ కథ అతని తల్లి అఫేనీ షకూర్‌తో మొదలవుతుంది. ఆమె బ్లాక్ పాంథర్ పార్టీ కార్యకర్త. 1966లో పుట్టిన ఆ పార్టీ నల్లజాతివారి హక్కుల కోసం పోరాడింది. పేద పిల్లలు ఖాళీ కడుపుతో బడికి వెళ్లకూడదని ఉచితంగా టిఫిన్ పెట్టింది. ఆ పార్టీని చూసి స్ఫూర్తి పొందే 1972లో బొంబాయిలో దళిత యువకులు దళిత్ పాంథర్స్ స్థాపించుకున్నారు. కాబట్టి ఈ కథకూ మనకూ చుట్టరికం ఉంది.

1969లో అఫేనీని మరికొందరు కార్యకర్తలతో కలిపి కుట్ర కేసులో అరెస్టు చేశారు. ఆమె లా చదువుకోలేదు. అయినా లాయరును పెట్టుకోకుండా గర్భంతో ఉండి కూడా కోర్టులో తన కేసు తానే వాదించుకుంది. 1971 మే నెలలో కోర్టు అందరినీ నిర్దోషులుగా విడిచిపెట్టింది. నెల రోజులకే, జూన్ 16న, కొడుకు పుట్టాడు. పెరూ దేశంలో స్పెయిన్ పాలకుల మీద తిరగబడి 1781లో మరణశిక్షకు గురైన టుపాక్ అమారు పేరును కొడుకుకు పెట్టుకుంది.

పన్నెండు, పదమూడేళ్ల వయసు

పేరు గొప్పదే గాని ఇల్లు లేదు. తల్లి, కొడుకు, చెల్లెలు న్యూయార్క్‌లో ఇళ్లు మారుతూ, కొన్నాళ్లు ఇల్లు లేనివారి షెల్టర్లలో కూడా తలదాచుకుంటూ బతికారు. పన్నెండేళ్లప్పుడు తల్లి అతన్ని హార్లెంలోని ఒక నాటక బృందంలో చేర్పించింది. 1984లో పేరున్న అపోలో థియేటర్‌లో ఒక నల్లజాతి కుటుంబం కథను నాటకంగా వేస్తే, అందులో పిల్లవాడి వేషం వేశాడు. పేదరికంలో ఉన్న పిల్లవాడికి స్టేజీ మీద వెలుగు పడితే ఎంత ధైర్యం వస్తుందో మన స్కూల్ డే నాటకాల్లో వేషం వేసిన వాళ్లకు తెలుసు.

తర్వాత కుటుంబం బాల్టిమోర్ నగరానికి మారింది. అక్కడి ఈనాక్ ప్రాట్ లైబ్రరీ పిల్లలకు ర్యాప్ పోటీ పెట్టింది. పుస్తకాలు చదవండి, లైబ్రరీ కార్డు తీసుకోండి అని చెబుతూ టుపాక్ ఒక ర్యాప్ రాసి గెలిచాడు. అతని చేతిరాతతో ఉన్న ఆ కాగితాన్ని లైబ్రరీ భద్రపరిచింది. ఆ తర్వాత బాల్టిమోర్ స్కూల్ ఫర్ ది ఆర్ట్స్‌లో సీటు సంపాదించి నటన, కవిత్వం, జాజ్, బ్యాలే నేర్చుకున్నాడు. అతనికి బాగా నచ్చిన చదువు అదే. కానీ అది పూర్తికాక ముందే 1988లో కాలిఫోర్నియాకు వెళ్లిపోవాల్సి వచ్చింది. ఆ రోజుల్లోనే తల్లి మత్తుమందుకు బానిసైంది. కోర్టును గెలిచిన తల్లి మత్తుకు ఓడిపోవడం ఆ కుర్రవాడు కళ్లారా చూశాడు.

పాటలు, ఆల్బమ్‌లు

1990లో డిజిటల్ అండర్‌గ్రౌండ్ అనే బృందంలో సామాన్లు మోస్తూ, స్టేజీ వెనక డాన్స్ చేస్తూ మొదలుపెట్టాడు. 1991 నవంబర్‌లో మొదటి ఆల్బమ్ వచ్చింది. పన్నెండేళ్లకే తల్లి అయిన ఒక పేద బాలిక కథ అందులో ఒక పాట. పోలీసుల దౌర్జన్యం గురించి కూడా ఉండటంతో 1992లో అమెరికా ఉపాధ్యక్షుడు డాన్ క్వేల్ ఆ ఆల్బమ్‌ను బహిరంగంగా తప్పుబట్టాడు. 1993లో స్త్రీలను గౌరవించమని చెప్పే పాట చేశాడు. లాస్ ఏంజిలిస్‌లో ఒక దుకాణంలో 1991లో కాల్పులకు బలైన పదిహేనేళ్ల బాలిక లటాషా హార్లిన్స్‌కు దాన్ని అంకితమిచ్చాడు.

1995లో వచ్చిన డియర్ మామా పాటలో తల్లి పడ్డ కష్టం, ఆమె వ్యసనం, ఆమె మీద ప్రేమ – మూడూ ఉన్నాయి. అమ్మను దేవతగా చూపించి సరిపెట్టలేదు. ఆమె పడిపోయిందని చెప్పాడు, అయినా నువ్వే నాకు అమ్మవని చెప్పాడు. అప్పటికి అఫేనీ మత్తునుంచి బయటపడింది. తర్వాత అమెరికా జాతీయ గ్రంథాలయమైన లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ 2010లో ఈ పాటను భద్రపరచవలసిన రికార్డుల జాబితాలో చేర్చింది.

దాచకూడని సంగతి

ఇక్కడ ఆగి ఒక మాట చెప్పాలి. 1994 డిసెంబర్‌లో ఒక యువతిపై లైంగిక వేధింపు కేసులో జ్యూరీ అతన్ని దోషిగా తేల్చింది. తాను చేయలేదని అతను వాదించాడు, కానీ శిక్ష పడింది. స్త్రీల గౌరవం మీద పాట కట్టినవాడే ఈ కేసులో జైలుకు వెళ్లాడు. మా హాస్టల్లో దీని మీద చాలా వాదన జరిగింది. ఈ వ్యాసమే వద్దని కొందరన్నారు. దాచి రాస్తే అబద్ధమవుతుంది, రాయకుండా వదిలేస్తే పాట కూడా పోతుంది అని చివరికి అనుకున్నాం. పాట మంచిదైనంత మాత్రాన మనిషి చేసింది మాఫీ కాదు. మన సంచిక చదివే చెల్లెళ్లు, అక్కలు ఈ మాట ముందు చదవాలి.

అతను జైల్లో ఉండగానే 1995 మార్చిలో మూడో ఆల్బమ్ విడుదలై అమెరికాలో మొదటి స్థానానికి చేరింది. అక్టోబర్‌లో బెయిలుపై వచ్చి, 1996 ఫిబ్రవరిలో 27 పాటల జంట ఆల్బమ్ తెచ్చాడు. కానీ అప్పటికే పాటగాళ్ల మధ్య తగవులు ముఠా పగల్లా మారాయి. 1996 సెప్టెంబర్ 7న లాస్ వేగాస్‌లో కారులో వెళుతుండగా కాల్పులు జరిగాయి. 13న చనిపోయాడు. ఆరు నెలలకు అతనితో తగవుపడిన నొటోరియస్ బి.ఐ.జి. అనే ర్యాపర్ కూడా తుపాకీకే బలయ్యాడు. అతనికి 24 ఏళ్లు.

పాట ఎందుకు గుర్తుంటుంది?

పదేళ్ల నుంచి ముప్పై ఏళ్ల మధ్య జరిగినవి మనిషికి ఎక్కువగా గుర్తుంటాయని మనోవైజ్ఞానికులు గమనించారు. ఆ వయసులో విన్న పాటలు కూడా అంతే. అప్పుడు మనసు పచ్చి మట్టిలా ఉంటుంది, ఏ ముద్ర పడితే అది నిలుస్తుంది. 1995లో ఎనిమిదో తరగతి చదివిన అమెరికా కుర్రవాడు ఈ రోజు నలభై దాటినవాడు. ఆ ఆల్బమ్ వింటే అతనికి అప్పటి వీధి, అప్పటి స్నేహితుడు, పక్క గదిలో అలసి పడుకున్న అమ్మ గుర్తుకొస్తారు. ఒక ఆల్బమ్‌లో పాటలు వరుసగా వస్తాయి కాబట్టి ఒక పాట అయిపోగానే రెండోది మనసులో దానంతటదే మొదలవుతుంది. ఆ వరుసలోనే ఆ ఏడాది అంతా దాగి ఉంటుంది.

మాకూ అంతే. ఇంటికి దూరంగా ఉండే మాకు ఆరో తరగతి ఒక పాటగా, ఏడో తరగతి మరో పాటగా గుర్తుంది. కరెంటు పోయిన రాత్రి డార్మిటరీలో అందరం కలిసి పాడుకున్న గద్దర్, గోరటి వెంకన్న పాటలు మాకు ఎన్నేళ్లయినా పోవు.

కొడుకు పోయాక అఫేనీ 1997లో అతని పేరిట సంస్థ పెట్టి పిల్లలకు కళలు నేర్పించింది. 2016లో ఆమె కన్నుమూసింది. టుపాక్ తుపాకీ మనకు వద్దు, కోపంలో అతను చేసిన తప్పులు వద్దు. లైబ్రరీ కోసం ర్యాప్ రాసిన ఆ పిల్లవాడి కలం కావాలి. మిత్రులారా, వచ్చే సంచికకు మీ అమ్మ గురించి ఒక పాట రాయండి. ఆమెను ఉన్నది ఉన్నట్టుగా రాయండి.