జిడ్డు కృష్ణమూర్తి బాల్యము

జిడ్డు కృష్ణమూర్తి 1895 మే నెలలో మదనపల్లెయందు జన్మించెను. ఆ ఊరు నాడు కడప మండలములోనిది. తండ్రి నారాయణయ్య రెవెన్యూ శాఖ ఉద్యోగి, తల్లి సంజీవమ్మ. ఎనిమిదవ సంతానము గనుక కృష్ణుని పేరే పెట్టిరి. మరుసటి యేడు కుటుంబము కడప చేరినది. అచ్చట చలిజ్వరము మెండు. రెండేండ్ల పసివాడు దాని వాతబడి చావు తప్పి బయటపడెను. పిమ్మటను ఏండ్లతరబడి ఆ జ్వరము వానిని విడువలేదు. 1905లో కడపలోనే తల్లి కన్నుమూసెను.

బడిలో బాలుని చూపు పుస్తకముమీద నిలువదు, చెప్పినది గుర్తుండదు. ఉపాధ్యాయులు మందబుద్ధి యని తేల్చిరి. మూడేండ్లు చిన్నవాడైన తమ్ముడు నిత్యానందుడు మిక్కిలి చురుకైనవాడు. ఆ పోలికయు తోడైనది. 1909లో కుటుంబము అడయారు చేరిన పిదప మైలాపూరు బడిలోను దెబ్బలు తప్పలేదు.

ఇంటివారెరిగిన బాలుడు వేరు. 1911లో నారాయణయ్య కుమారుని చిన్ననాటి సంగతులు చెప్పి వ్రాయించెను. తన పలకయో పుస్తకమో పేదపిల్లవానికిచ్చి వట్టిచేతులతో ఇల్లు చేరుట వానికి అలవాటు. ఒకనాడు గడియారము నూడదీసి, మరల బిగించువరకు బడికి పోనని, అన్నము ముట్టనని భీష్మించెను. పాఠమున నిలువని మనస్సు ఆ చక్రముల నడుమ నిలిచినది!

అయితే తండ్రిమాటను గూడ తూచి చూడవలెను. ఆ యేడే ప్రాచ్య నక్షత్ర సంఘము వెలసి, రానున్న జగద్గురువు కొరకై ఆ బాలుని తన అధిపతిగా నిలిపినది. అట్టి తరుణమున తండ్రికి ఎట్టి సంగతులు జ్ఞప్తికి వచ్చునో ఊహింపవచ్చును. మరుసటి యేడు ఆయనయే కొడుకుల సంరక్షణకై అనీబిసెంటుపై దావా వేసెను.

నేటి మనస్తత్త్వవేత్తలు ఈ చిక్కు నెరుగుదురు. 2000లో అమెరికాలో వెలువడిన బ్రీఫ్ అను ప్రశ్నావళి, మీవాడు తెలివైనవాడా యని తల్లిదండ్రుల నడుగదు. పని మొదలుపెట్టుట, చెప్పినది గుర్తుంచుకొనుట, ఆవేశము నణచుకొనుట మున్నగువానిపై 86 అంశములుండును. గడచిన ఆరు నెలలలో ఆ ఇబ్బంది ఎన్నడును లేదా, అప్పుడప్పుడా, తరచుగానా యని మాత్రమే అడుగును. ఉపాధ్యాయునకు వేరొక పత్రము. రెండును పొసగనిచోట ఎవరో బొంకిరనుకొనరాదు. ఇంటికిని బడికిని గల భేదమును వెదకవలెను. జ్వరమా, మాతృవియోగమా, బెత్తమా, ఏది ఆ బాలుని చూపును పుస్తకమునుండి మరల్చినదో తేల్చుటకు నాడు అట్టి సాధనము లేదు.

1929లో కృష్ణమూర్తి ఆ సంఘమును తామే రద్దు చేసిరి. పోలికయు భయమును లేని చదువు కావలెనని 1986లో కన్నుమూయువరకు బోధించిరి. మదనపల్లె చెంతనే ఋషివ్యాలీ పాఠశాల వారి పూనికతో వెలసినది. తమ బాల్యము మాత్రము తమకు దాదాపు జ్ఞాపకము లేదని చెప్పెడివారు.