ఎడారి దారుల్లో ఒక మహారచయిత – జాన్ స్టైన్‌బెక్

స్వదేశాన్ని గురించి జీవితమంతా రాసిన రచయిత, ఆ దేశం తనకు అపరిచితమైపోయిందని ఒకనాడు గ్రహిస్తే ఏమి చేయాలి? విఖ్యాత అమెరికన్ నవలాకారుడు జాన్ స్టైన్‌బెక్ యాభై ఎనిమిదవ ఏట బాటసారియై ఈ ప్రశ్నకు సమాధానం వెదికాడు.

స్టైన్‌బెక్ 1902 ఫిబ్రవరి 27న కాలిఫోర్నియాలోని సాలినాస్ పట్టణంలో జన్మించాడు. 1919లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో చేరి, 1925లో పట్టా పుచ్చుకోకుండానే వెలుపలికి వచ్చాడు. పొలాల్లోను, చక్కెర కర్మాగారంలోను కష్టజీవులతో కలిసి పనిచేసిన అనుభవమే ఆయనకు అసలైన విద్య. భూములు కోల్పోయి వలసపోయిన ఓక్లహామా రైతుల దుఃఖగాథను 1939లో 'ద గ్రేప్స్ ఆఫ్ రాత్' నవలగా వెలువరించాడు. 1940లో దానికి పులిట్జర్ బహుమతి లభించింది.

కీర్తి పెరిగినకొద్దీ ఆయన జనజీవనానికి దూరమయ్యాడు. 1959 చివర ఆరోగ్యం దెబ్బతిన్నది. విశ్రాంతి తీసుకొమ్మని ఆప్తులు హెచ్చరించారు. అయినా ఆయన ముసలితనాన్ని ముందుగా ఆహ్వానించదలచలేదు. ఒక ట్రక్కుపై చిన్న ఇంటిని కట్టించుకున్నాడు. అందులో పడక, పొయ్యి, శీతలపేటిక మొదలైనవన్నీ అమర్చుకొని, డాన్ క్విక్సోట్ గుర్రం పేరు తలచి, ఆ వాహనానికి 'రోసినాంటే' అని నామకరణం చేశాడు. 1960 సెప్టెంబరులో న్యూయార్క్ రాష్ట్రంలోని సాగ్ హార్బర్ నుండి బయలుదేరాడు. చార్లీ అనే పూడుల్ జాతి వృద్ధ శునకం ఆయనకు తోడు. అపరిచితులతో సంభాషణ ప్రారంభించడానికి ఆ కుక్కే మంచి దౌత్యవేత్తగా ఉపకరించింది.

మూత ఉన్న బాల్చీలో బట్టలు, సబ్బునీరు వేసి రబ్బరు తాడుతో వ్రేలాడదీస్తే, బండి కుదుపులకే అవి ఉతకబడేవి! ఎల్లోస్టోన్ పర్వతసీమలో సాధువైన చార్లీ ఎలుగుబంట్లను చూడగానే ఉగ్రరూపం దాల్చింది. మొహావీ ఎడారిలో రెండు కొయోటీలు కనిపించగా, స్టైన్‌బెక్ తుపాకి గురిపెట్టి కూడా పేల్చలేకపోయాడు. పైగా వాటి కొరకు కుక్క ఆహారపు డబ్బాలు రెండు తెరచి ఉంచి సాగిపోయాడు. నిర్జన సీమలో ఎదురైన ప్రాణికి ఆయన చూపిన కరుణ అటువంటిది.

కాని ఆ కరుణ మనుష్యుల మధ్య కానరాలేదు. న్యూ ఆర్లియన్స్‌లో తెల్లవారి పాఠశాలలో చేరిన ఆరేళ్ల నల్లజాతి బాలికను స్త్రీలు గుంపుగా చేరి దూషించడం ఆయన కన్నులారా చూశాడు. అంతటితో యాత్రోత్సాహం నశించింది. సుమారు పదివేల మైళ్లు తిరిగి వచ్చినవాడు చివరకు తన న్యూయార్క్ నగరంలోనే దారి తప్పాడు.

ఈ యాత్రాగ్రంథం 1962లో వెలువడింది. నోబెల్ బహుమతి లభించినదీ ఆ ఏడే. అందలి కొన్ని సంభాషణలు కల్పితాలని తరువాతి పరిశోధకులు వాదించారు. అయినను, ఆ పాఠశాల ముందు జరిగిన అన్యాయం కల్పితం కాదు. చరిత్ర దానికి సాక్షి. 1968 డిసెంబరు 20న స్టైన్‌బెక్ కన్నుమూశాడు. రోసినాంటే నేడు సాలినాస్‌లోని ఆయన స్మారక కేంద్రంలో ఉన్నది.

విద్యార్థి మిత్రులారా! దేశభక్తి అంటే దేశంలోని అందాలను పొగడటం మాత్రమే కాదు. దాని గాయాలను కూడా స్వయంగా చూచి, చూచినదాన్ని దాచక చెప్పడం. ఆ వృద్ధ యాత్రికుడు మనకు విడిచిపోయిన పాఠం ఇదే.