కంకరతో కట్టిన కుటుంబం – రామ్‌కింకర్ బైజ్

పానగల్ పచ్చల సోమేశ్వరాలయం గోడల మీది బొమ్మలు చూసి, శిల్పమంటే నల్లరాయి, ఉలి, రాజుల సొమ్ము ఉండాలని మన పిల్లలు అనుకుంటారు. అవేవీ లేకుండా, కాళ్ల కింద దొరికిన కంకరతో ఆదివాసులకు శిల్పం కట్టిన ఒకాయన గురించి మన తండాల యువత తెలుసుకోవాలి.

ఆయన పేరు రామ్‌కింకర్ బైజ్. 1906 మే 25న బెంగాల్‌లోని బాంకురాలో, క్షౌరవృత్తి చేసుకునే పేద కుటుంబంలో పుట్టారు. చిన్నప్పుడే ఊళ్లో విగ్రహాలు చేసేవారి దగ్గర మట్టిపని నేర్చుకున్నారు. పత్రికా సంపాదకుడు రామానంద ఛటర్జీ ఆయన ప్రతిభను గుర్తించడంతో 1925లో శాంతినికేతన్ చేరారు. అక్కడి కళాభవన్‌లో నందలాల్ బోస్ ఆయన గురువు. చదువయ్యాక అక్కడే పాఠాలు చెప్పారు.

శాంతినికేతన్ చుట్టూ సంతాల్ ఆదివాసుల పల్లెలు. వాళ్లు పనులకు వెళ్లిరావడం ఆయన రోజూ చూసేవారు. వాళ్లను శిల్పంగా నిలబెట్టాలనుకున్నారు. కంచు పోత పోయించే స్తోమత లేదు. అక్కడి నేలలో మాత్రం ఎర్రటి లేటరైట్ కంకర ఉంది. ఇనుప చువ్వలతో ఆకారం కట్టి, సిమెంటులో ఆ కంకర కలిపి మెత్తుతూ 1938లో ‘సంతాల్ కుటుంబం’ చేశారు. భుజాన కావడితో తండ్రి, పక్కన తల్లి, కావడి బుట్టలో పసివాడు, వెంట కుక్క. ఉన్న నాలుగు సామాన్లతో ఊరు మారుతున్న కుటుంబం అది. పాలమూరు నుంచి వలసపోయిన మనవాళ్లు గుర్తుకొస్తారు. రాజులకూ నాయకులకూ విగ్రహాలు పెట్టే కాలంలో, పేరు లేని కూలీ కుటుంబాన్ని మనిషి ఎత్తును మించి నిలబెట్టారు. వాళ్ల నడకలో దీనత కనిపించదు.

1956లో ‘మిల్లు పిలుపు’ చేశారు. కూత వినగానే పనికి పరుగెత్తే సంతాల్ స్త్రీల శిల్పం అది. ఢిల్లీ రిజర్వు బ్యాంకు ముందున్న యక్ష, యక్షి విగ్రహాలూ ఆయనవే. 1970లో పద్మభూషణ్ అందుకున్నారు. 1980 ఆగస్టు 2న కన్నుమూశారు.

మా హాస్టల్లో బాగా బొమ్మలు వేసే పిల్లలు రంగులు లేవని ఆగిపోతుంటారు. మన యాడీలు ఆగలేదు. గుడ్డముక్కలు, అద్దాలు, గవ్వలు, పాత నాణేలు కలిపి కుట్టుకున్నారు. అదీ కళే. సంతాల్ కుటుంబాన్ని బయటి నుంచి వచ్చిన మనిషి చేశారు. మన తండా మనుషులను మనమే చేయొచ్చు. ఈ సెలవుల్లో ఇంటి చుట్టూ పడి ఉన్న కట్టెలు, తీగలు, పగిలిన పెంకులు ఏరండి. మీ తాతనో నానమ్మనో తయారుచేసి హాస్టల్‌కు తీసుకురండి. వరండాలో చోటు ఉంచుతాను.